అద్దం సార్ మీద పడ్డ తప్పు

అధ్యక్షస్థానంలో కూర్చుని ఇప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్న మేనేజర్ గారికి, ఆయన పక్కన అంత పెద్ద కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియక చివరన ఆనుకున్న మన అద్దం సార్‌కి, ముందు వరసలో ఉన్న సార్ గారి ఇంటావిడ మేడమ్‌కి, ఆమెతో వచ్చిన బంధువులకి, కవర్ల మేడమ్‌కి, తూకం బల్లవాళ్ళకి, ఫొటోల గదివాళ్ళకి, బీరువాల కాపలా అన్నకి, వెనక వరసలో టీ ఎప్పుడిస్తారా అని తలుపు వైపు చూస్తున్న మిత్రులందరికీ పేరుపేరునా నమస్కారం.

సార్ వీడ్కోలు సభలో నన్ను మాట్లాడమన్నారు. ఇవాళ్టి మొదటి పొరపాటు అదే. (నవ్వులు) నిన్న మేనేజర్ గారు గదిలోకి పిలిచి, "నువ్వు సార్‌తో ఇరవై రెండేళ్ళు పనిచేశావు, నాలుగు నవ్వులు నవ్వించు, ఐదు నిమిషాల్లో ముగించు, కాస్త హద్దులో ఉండు" అన్నారు. ఐదు నిమిషాలు నా వల్ల కాదు. నవ్వుల సంగతి చివరికొచ్చాక మీరే చెప్పాలి. హద్దు గురించి మేనేజర్ గారికి నా మీద ఎప్పుడూ నమ్మకం లేదు కాబట్టి ఆయనకి కొత్తగా వచ్చే నష్టం లేదు.

నేను ఎనిమిదో క్లాసు దాకా చదివాను. అందులోనూ ఎనిమిది రెండుసార్లు. అందుకని ఇదంతా ఇంట్లో చెబుతూ ఉంటే మా ఆవిడ రాసి పెట్టింది. వినేటప్పుడు భాష ఎక్కడైనా బాగుందనిపిస్తే అది ఆవిడది, మనసుకి కష్టమనిపిస్తే అది నాది.

సార్ తరఫు బంధువులకి మేం ఇక్కడ ఏం చేస్తామో తెలియకపోవచ్చు. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు "మా ఆయన నాణేలు చూస్తారు" అని మేడమ్ అంటే, "చూడ్డానికి జీతమా!" అని మీరంతా నవ్వుకుని ఉంటారు. నిజంగానే చూడ్డానికే జీతం. మేం నాణేలు కొనం, అమ్మం. జనం తమ పాత నాణేలు పంపిస్తారు. అది ఏ నాణెమో, ఎంత అరిగిందో చూసి, గ్రేడు రాసి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి అతికి పంపిస్తాం. కవర్ల మేడమ్ కవరు చించి, పంపినవాళ్ళ పేరు తీసేసి ఒక అంకె వేస్తుంది. ఆ అంకెతో నాణెం ముగ్గురి దగ్గరికి వెళ్తుంది. ఎవరిదో ఆ ముగ్గురికీ తెలియదు, పక్కవాడేం రాశాడో తెలియదు, అడక్కూడదు. ఎవరి చీటీ వాళ్ళు రాసి పెట్టెలో వేస్తారు. మొదటి ఇద్దరూ అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చున్న పిల్లలు. వాళ్ళని కవలలంటాం. ఒకరికొకరు ఏమీ కారు, ఊళ్ళు కూడా వేరు. కానీ ఎప్పుడు చూసినా ఇద్దరి చీటీలూ ఒకటే. మూడో చీటీ సార్‌ది. సార్ చీటీ పడ్డాక ఇక మాట ఉండదు. ఆ తర్వాత నాణెం నా దగ్గరికొస్తుంది, నేను డబ్బీ మూత వేసి యంత్రంతో అతికేస్తాను. ముప్ఫై నాలుగేళ్ళ చూపు మీద ఎనిమిదో క్లాసు మూత. (నవ్వులు)

నేను చేరిన మొదటి వారంలో సార్‌ని ఒక తెలివితక్కువ ప్రశ్న అడిగాను. "ప్రూఫ్ నాణెం అంటే బాగా కొత్తగా మెరిసేదే కదండీ?" అన్నాను. సార్ తల ఎత్తకుండానే అన్నారు.

"కాదురా. అది ఎలా ఉందన్నది కాదు, ఎలా పుట్టిందన్నది. మామూలు నాణెం బజారు కోసం కొడతారు. ప్రూఫ్ చూడ్డానికి కొడతారు. టంకశాలలో అచ్చుని చేత్తో అద్దంలా మెరుగుపెట్టి, ఒక్కో బిళ్ళనీ రెండేసిసార్లు కొడతారు. అందుకే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీలో మొహం కనిపిస్తుంది."

"మరి ఎవడైనా తెలియక దాన్ని బజార్లో ఖర్చుపెట్టేస్తే? పదిమంది చేతుల్లో పడి అరిగిపోతే?"

"అరిగిన ప్రూఫ్ అవుతుంది. ప్రూఫ్ కాకుండా పోదు."

"అరిగిపోయాక అది ప్రూఫని ఎలా తెలుస్తుంది సార్?"

అప్పుడు తల ఎత్తారు. "అక్షరాల మధ్య చూడు. వేలు దూరని సందులో అద్దం కాస్త మిగిలిపోతుంది. ఒక్క చుక్క మిగిలినా చాలు."

ఆ రోజు నుంచే నేను ఆయన్ని అద్దం సార్ అన్నాను. పేరు అంటుకుపోయింది. మేనేజర్ గారు కూడా ఒకసారి పెద్ద పెద్దవాళ్ళ మీటింగులో "మా అద్దం సార్" అనేసి నాలిక్కరుచుకున్నారు. కవలలు పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళు, వాళ్ళు అంచు చూస్తారు. ప్రూఫ్ నాణేనికి అంచు పదునుగా, పలకగా ఉంటుందని పుస్తకంలో ఉంటుంది. సార్ ఒప్పుకోరు. "కొత్త అచ్చుతో కొడితే మామూలు నాణేనికీ అంచు పదునుగానే వస్తుందమ్మా. అంచు అబద్ధమాడుతుంది. నాకు అద్దం చూపించు, అప్పుడు ప్రూఫని రాస్తాను" అని వాళ్ళతో రోజూ వాదించేవారు. ఈ మాట మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇవాళ మనమందరం ఇక్కడ కూర్చోవడానికి కారణం ఇదే.

సార్ దగ్గర నేను చేసిన వెధవ పనులకి లెక్క లేదు. ఒకసారి బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ నాణెం కవర్లో పెట్టి పంపాను. సాయంత్రం చీటీ వచ్చింది: "ముద్ర స్పష్టం. లోహం తీపి. గ్రేడు ఇచ్చేలోపే పూర్తిగా అరిగిపోయింది." (నవ్వులు) మేనేజర్ గారి చొక్కా బొత్తాం ఊడి పడితే డబ్బీలో పెట్టి అతికి, "నాలుగు రంధ్రాల ప్రాచీన నాణెం, చలామణిలో బాగా నలిగినది" అని చీటీ అంటించి ఆయన బల్ల మీదే పెట్టాను. (నవ్వులు) ఆ రోజు సార్ నన్ను పిలిచి చీవాట్లు పెడతారనుకున్నాను. "ఒరేయ్, రంధ్రాలున్న నాణేనికి గ్రేడు ఉండదు. ఆ మాత్రం తెలియదా?" అన్నారు. అంతే. ఆయన నన్ను ఎప్పుడూ అలాగే కాపాడారు. నేను ఎంత దూరం పోయినా సార్ నవ్వుతారన్న ధైర్యం నాకు అలా వచ్చింది. ఆ ధైర్యమే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

(మంచినీళ్ళు తాగి)

సార్ దగ్గర ఒక వెండి నాణెం ఉండేది. ఒకవైపు ఓడ, చుట్టూ అక్షరాలు. నాణేలు చూసే గదిలో ఉన్నప్పుడు తప్ప ఎప్పుడూ జేబులోనే. నడుస్తున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా ఎడమ చెయ్యి జేబులో ఉండేది, లోపల బొటనవేలు తిరుగుతూ ఉండేది. మీ అందరికీ ఆ చెయ్యి తెలుసు. ఆ నాణెం సంగతి మాత్రం మీలో చాలామందికి తెలియదు. ఒకసారి కరెంటు పోయి అందరం పని ఆపేసి కూర్చున్నప్పుడు కిటికీ దగ్గర నాకు చూపించారు.

సార్‌కి తల్లీతండ్రీ చిన్నప్పుడే పోయారు. పెంచింది వాళ్ళక్క. ఆవిడ టంకశాలలో ప్రూఫ్ అచ్చులు మెరుగుపెట్టే పని చేసేది. మెత్తటి గుడ్డ, పేస్టు, చేతివేళ్ళు. అంతకుమించి యంత్రం లేదు. ఓడ నాణెం వచ్చిన ఏడాది ఆ అచ్చు ఆవిడ చేతి మీదే మెరుగుపడింది. అందులో ఒకటి ఆవిడే కొని తమ్ముడికిచ్చి, "ఇందులో నీ మొహం కనిపిస్తుందిరా, ఇకనైనా తల దువ్వుకుని బడికి వెళ్ళు" అందట. ఆ తర్వాత ఆవిడ ఎక్కువకాలం లేదు.

నేను ఊరుకుంటానా. "సార్, లోకంలో అందరికీ నాణెం మొహం ముట్టుకోవద్దు, అంచు పట్టుకోండి అని చెబుతారు, మీరేమో ఇంత మంచి ప్రూఫుని జేబులో వేసుకుని రుద్దుతారా?" అన్నాను.

"బీరువాలో పెడితే పండక్కో పబ్బానికో చూస్తాంరా. జేబులో ఉంటే చెయ్యి దానంతట అదే పోతుంది" అన్నారు. తర్వాత భూతద్దం నా చేతికిచ్చి, "ఓడ చూడకు, అది సబ్బు బిళ్ళ అయిపోయింది. కింద ఈ రెండక్షరాల మధ్య చూడు" అన్నారు.

చూశాను. చుట్టూ నల్లగా, చెమట పట్టి, మసిబారిన వెండి. ఆ నలుపు మధ్య ఆవగింజలో సగమంత చోట కిటికీ కనిపించింది. కిటికీలో వెలుతురు కనిపించింది.

"అదీ అక్క పెట్టిన మెరుగు. మిగతాదంతా నా వేలు తినేసింది" అన్నారు.

ఇది విని కూడా నేను ఆ పని చేశాను. అది చెప్పడానికే ఇవాళ మైకు తీసుకున్నాను.

నాణేలు చూసే ఆ చూపు గదిలోకి సొంత నాణెం తీసుకెళ్ళకూడదని మన రూలు. ఎవరిది ఎవరి నాణెంతో మారిపోయినా తంటా. అందుకని సార్ రోజూ పొద్దున తన ఓడ నాణెం గది బయటి అరలో పెట్టి, సాయంత్రం తీసుకుని ఇంటికి వెళ్ళేవారు. ఆ అరకి తాళం లేదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి తాళం అవసరం రాలేదు.

మూడు నెలల కిందట ఒక మంగళవారం నాకు ఒక మహా ఆలోచన వచ్చింది. సార్ నాణేన్నే కవర్లో పెట్టి సార్ ముందుకే పంపిస్తే? భూతద్దం పెట్టి చూస్తారు, కెవ్వుమని కేక వేస్తారు, "ఒరేయ్, ఎక్కడున్నావురా!" అని తలుపు తీసుకుని బయటికొస్తారు, ఆఫీసు ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. కానీ అంత నల్లగా ఉంటే దూరం నుంచే గుర్తుపట్టేస్తారు. కాస్త కూడా కష్టపడకుండా గుర్తుపడితే తమాషా ఏముంది? నలుపు తీసేద్దామనుకున్నాను.

మసి తీసే మందు మన దగ్గర ఉంటుంది. అది ముట్టుకునే మనిషి ఒకావిడే. నాణేన్ని అందులో ముంచి, ఒకటి, రెండు అనేలోపు తీసి నీళ్ళలో వేస్తుంది. ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు నేను వెళ్ళి నాణెం ముంచాను. ముంచి, తలుపు దగ్గర నిలబడి కాపలా అన్నకి జరగబోయే తమాషా అంతా చెప్పాను. సార్ ఎలా కేక వేస్తారో కూడా అభినయించి చూపించాను. అన్న తెగ నవ్వాడు. అన్నా, తల దించుకోకు, నీకు నాణెం ముంచానని తెలియదు, నేను చెప్పలేదు. మొత్తం ఎంతసేపయిందో నాకు తెలియదు. ఒకటి, రెండు మాత్రం కాదు.

తీసి చూస్తే నాణెం తెల్లగా ఉంది. మెరిసే తెలుపు కాదు. ఉడికించిన గుడ్డు తెల్లసొనలా ఉంది. నాకేం తెలుసు? ఇంకా మంచిదే, అస్సలు గుర్తుపట్టరు అనుకున్నాను. మా బావమరిది పేరు మీద కవరు రాసి దొంతరలో కలిపేశాను.

కవలలు చూశారు. ఇద్దరూ అంచు చూసి ఒకటే రాశారు: ప్రూఫ్, బాగా అరిగినది, గ్రేడు డెబ్భైకి పది. తర్వాత సార్ చేతికి వచ్చింది. నేను గాజుపలక బయట నిలబడి, నవ్వు ఆపుకోవడానికి పిడికిలి నోట్లో పెట్టుకుని చూస్తున్నాను. బొటనవేలు ఒక్కసారి దాని మొహం మీద పడితే సార్ కళ్ళు మూసుకుని కూడా చెప్పేవారు. ఆ అరుగుదల ఆయన వేలు చేసిందే. కానీ చూపు బల్ల దగ్గర సార్ నాణెం మొహం ముట్టుకోరు. రెండు వేళ్ళతో అంచు పట్టుకున్నారు. దీపం కిందికి దించారు. ఓడ వదిలేసి తిన్నగా కింది అక్షరాల మధ్యకి వెళ్ళారు. అక్కడే చాలాసేపు వెతికారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. కేక వేస్తారని నేను చూస్తూనే ఉన్నాను. ఆయన కలం తీసి రాశారు.

"మామూలు ముద్ర. ప్రూఫ్ కాదు. అద్దం లేదు. ఎవరో కడిగి పాడుచేశారు."



అప్పుడే నేను తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళబోయాను కూడా. ఈలోపు మేనేజర్ గారు వచ్చేశారు. ప్రూఫా కాదా అన్న దగ్గర చీటీలు విడిపోతే మూడూ మేనేజర్ గారు చూడాలన్నది రూలు. ఆయన పెద్ద పుస్తకం తెరిచారు. ఆ ఏడాది ప్రూఫ్ అచ్చులో ఓడ కింద వెంట్రుకంత గీత ఒకటి ఉందట, మామూలు అచ్చులో లేదట. నాణెం మీద ఆ గీత ఉంది. నాణెం ప్రూఫే. కవలలు ఒప్పు, సార్ తప్పు. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి.

మేనేజర్ గారి గురించి నేను చాలా అన్నాను గానీ ఆ రోజు ఆయన ఒక్క మాట తప్పుగా అనలేదు. "పోనీలెండి సార్, ఒక్కటేగా" అన్నారు. సార్ తర్వాతి కవరు అందుకున్నారు. సాయంత్రం బయటికొచ్చి అర తెరిచారు. నాణెం లేదు. ఓడ నాణేలు మాకు వస్తూనే ఉంటాయి, ఆయనది నల్లది, పొద్దున చూసింది తెల్లది, రెండూ ఒకటేనని ఆయనకి తోచలేదు.

సార్ మోకాళ్ళ మీద కూర్చుని బల్లల కింద వెతికారు. నేనూ ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. టార్చి పట్టుకున్నది నేనే. ఇరవై అడుగుల అవతల నా యంత్రం దగ్గర డబ్బీలో నాణెం ఉంది, నేను సార్ కోసం సోఫా జరిపాను. మధ్యలో ఆయన నా వైపు తిరిగి, "పొద్దున అరలో పెట్టానా, దారిలో పారేసుకున్నానా? గుర్తురావట్లేదురా. ఇవాళ కన్ను తప్పింది, బుర్రా తప్పినట్టుంది" అన్నారు.

చెప్పచ్చుగా అని మీరంటారు. మా ఆవిడా అదే అంది. చెప్పలేకపోవడానికి కారణం భయం కాదు. భయమైతే బాగుండేది. వెతకడానికి ముందే నేను భూతద్దం పెట్టి చూసుకున్నాను. కింది అక్షరాల మధ్య చూశాను. కిటికీ లేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను, దీపం దగ్గర పెట్టాను, ఊదాను, గుడ్డతో తుడిచాను. తెల్లసొనే. సార్ వేలు ఇన్నేళ్ళుగా వదిలిపెట్టిన ఆ కాస్త చోటునీ నేను ఒక కథ చెప్పే టైములో తినేశాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు. సార్ తనంతట తనే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. వయసుకి తగ్గట్టు బాగానే ఉందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. సార్ నమ్మలేదు. "డాక్టరు అట్ట మీద అక్షరాలు చదివించాడు. నేను నాణెం చదవలేకపోయాను. నా కన్ను సంగతి నా చీటీకి తెలుసు" అన్నారు. రెండేళ్ళ సర్వీసు ఉండగానే తనే ఉత్తరం రాసిచ్చారు. మేనేజర్ గారు రెండుసార్లు వెనక్కిచ్చారు, సార్ మూడోసారి ఇచ్చారు. సార్ కుర్చీ దగ్గరికి ఫొటో తీసి గ్రేడు చెప్పే యంత్రం వచ్చింది, పెట్టె విప్పేశారు. తన కన్ను పోయిందనుకుంటున్న మనిషికి చీమ తలకాయంత అక్షరాలతో సన్మానపత్రం అచ్చువేయించింది ఎవరో నాకు తెలియదు గానీ, వాళ్ళకి నా జోహార్లు. (ఎవరూ నవ్వలేదు)

మొన్న మేడమ్ ఫోన్ చేసి, సార్ వస్తువులు ఎప్పుడు తీసుకెళ్ళాలో అడిగారు. మాటల్లో అన్నారు: "బియ్యంలో రాళ్ళు ఏరమంటే ఏరట్లేదు బాబూ. నా కన్ను నమ్మకు, ఇంకోసారి నువ్వు చూసుకో అంటున్నారు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. నాణెం దొరికితే బాగుండు. రోజూ దారిలో ఆగి కిందికి చూస్తున్నారు. ఎవరికైనా దొరికి ఉంటుంది, వాళ్ళకి విలువ తెలిస్తే దాచుకుంటారులే అంటున్నారు."

మర్నాడు పొద్దున ఉప్మా తింటూ కూర్చుని మా ఆవిడకి ఇది చెప్పాను.

"చెప్పెయ్" అంది.

"చెబితే ఏమొస్తుంది?"

"నీకు తిన్నది ఒంటబడుతుంది."

"మరి ఆయనకి?"

ఆవిడ నా కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడు నెలలుగా నేను కొలుస్తున్నది ఇదే. చెప్పకపోతే సార్ తన కన్ను తప్పిందని నమ్ముతూ గోడ పట్టుకుని నడుస్తారు, కానీ ఎక్కడో ఎవరి చేతిలోనో అక్క పెట్టిన మెరుగు అలాగే ఉందనుకుంటారు. చెబితే కన్ను తిరిగొస్తుంది, అక్క పెట్టిన మెరుగు పోతుంది. రెండూ ఇచ్చే దారి వెతికాను సార్. ఆ ఏడాది ఓడ నాణెం ఇంకొకటి సంపాదించి ఇద్దామని కూడా అనుకున్నాను, ఒకాయన దగ్గర ఉందంటే వెళ్ళి చూశాను కూడా. నిగనిగలాడుతోంది, నా మొహం చెవులతో సహా కనిపించింది. దాన్ని మీ వేలు ఒక్క క్షణంలో పట్టేస్తుంది. దాని మీద మీరు లేరు.

ఇవాళ కూడా, ఈ మైకు పట్టుకునేదాకా కూడా, చాక్లెట్ నాణెం కథ చెప్పి దిగిపోదామనే ఉంది. కానీ మీరు ఇందాక వేదిక ఎక్కుతూ మెట్టు కోసం కాలితో తడిమారు. మెట్టు అక్కడే ఉంది సార్. మీకు కనిపిస్తూనే ఉంది. మీరు దాన్ని నమ్మలేదు.

సార్, మీ కన్ను తప్పలేదు. మీరు అద్దం కోసం చూశారు. అద్దం లేదు. నేను కడిగేశాను. ఆ మంగళవారం మీరు తిప్పి తిప్పి చూసింది మీ ఓడనే.

(సభలో కలకలం. మేనేజర్ గారు లేచి, "ఇప్పుడు ఇదంతా ఎందుకయ్యా, కూర్చో" అన్నారు. సార్ ఆయన్ని చేత్తో ఆపి, నా వైపు చెయ్యి చాపారు.)

ఇదిగోండి సార్. డబ్బీ పొద్దున నేనే పగలగొట్టాను.

(సార్ నాణెం తీసుకున్నారు. ముందు బొటనవేలు దాని మీద పెట్టారు. వేలు ఒక్కసారి తిరిగి ఆగిపోయింది. తర్వాత జేబులోంచి భూతద్దం తీసి, కిటికీ దగ్గరికి నడిచి వెళ్ళారు. గోడ పట్టుకోలేదు. చాలాసేపు చూశారు. అక్కడి నుంచే అన్నారు:)

"నేను రాసింది సరిగ్గానే ఉందిరా."

సార్...

"అద్దం లేదు."

(వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకో ఇద్దరు కలిశారు.)

ఆపండి. దయచేసి ఆపండి. సార్ గెలిచారనుకుని కొడుతున్నారు మీరు. ఆయన వెతికింది అదే చీటీ మళ్ళీ రాయాలని కాదు. అది తప్పు చీటీ కావాలని, తన కన్నే తప్పయి ఉండాలని, ఒక్క చుక్కయినా దొరకాలని అంతసేపు చూశారు.

(సార్ తిరిగి వచ్చి కూర్చున్నారు. నాణెం అంచు పట్టుకుని ఉన్నారు. మేడమ్ వేదిక ఎక్కి ఆయన పక్కన నిలబడ్డారు. "ఏదీ, చూడనివ్వండి" అంటే సార్ ఇచ్చారు. "ఓడ ఏదండీ?" అని అడిగారు ఆమె. "ఇదే" అన్నారు సార్.)

క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. క్షమిస్తారేమోనని భయంగా కూడా ఉంది. సార్ అలవాటు నాకు తెలుసు, చివరికి ఏదో ఒక మాట అని నన్ను కాపాడేస్తారు. ఈసారి వద్దు సార్. ఈసారి చీటీలో ఏముందో అదే ఉంచండి. ఎవరో పాడుచేశారని రాశారు. ఆ ఎవరో నేను.

నన్ను మాట్లాడనిచ్చిన మేనేజర్ గారికి, ఇదంతా చెప్పే ధైర్యం లేని నాకు ఇదంతా రాసిచ్చిన మా ఆవిడకి, నవ్వుదామని వచ్చి నవ్వలేకపోయిన మీ అందరికీ కృతజ్ఞతలు. కార్యక్రమంలో ఇప్పుడు సార్ స్పందన అని ఉంది. ఆయన్ని బలవంతపెట్టకండి. టీ ఇచ్చేయండి.

ఇక నాకు సెలవు.